థాయ్‌లాండ్ పాతకాలపు ఇళ్లను స్తంభాల మీద ఎత్తుగా కట్టేది వరదల కోసమేనా?

కాదు, వరద ఒక కారణం మాత్రమే. ఇంట్లో గాలి ఆడటానికి, కింద ఉన్న నీడను వాడుకోవడానికి కూడా అలా కడతారు. చావో ఫ్రాయా నది మైదానంలో వానాకాలం నీళ్లు ఊళ్లలోకి రావడం మామూలే. మిగతా నెలల్లో ఇంటి కింద మగ్గం, పడవ, పనిముట్లు ఉంటాయి.

అసలు తెలివి నేల మట్టాల్లో ఉంది. గదుల కంటే వసారా, వసారా కంటే కప్పులేని చెక్క వేదిక సుమారు 40 సెంటీమీటర్ల చొప్పున దిగువన ఉంటాయి. ఆ తేడా దగ్గర వదిలిన సందుల్లోంచి కింది చల్లగాలి లోపలికి వస్తుంది. బాగా ఏటవాలుగా ఉన్న కప్పు వాననీటిని వెంటనే దించేస్తుంది, వేడిగాలికి పైన చోటిస్తుంది. గోడలు చట్రాల్లో బిగించిన చెక్క పలకలు కాబట్టి ఇంటిని విప్పి వేరేచోట నిలబెట్టవచ్చు.

బ్యాంకాక్‌లో అమెరికన్ పట్టు వ్యాపారి జిమ్ థాంప్సన్ ఇల్లు అలాంటిదే. వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన ఆరు పాత ఇళ్లను కలిపి 1959లో పూర్తిచేశారు. కొన్ని గోడల్ని తిరగేసి, బయటి ముఖం లోపలికి వచ్చేలా బిగించారు కూడా.

కోసుగా ఉన్న కప్పు ఉంటే చాలు, థాయ్ ఇల్లేనని చాలామంది అనుకుంటారు. కింద గోడలు కట్టి మూసేసిన కాంక్రీటు ఇంటికి ఆ కప్పు పెడితే అది అలంకారమే: గాలి రాదు, వరదొస్తే కింది గదులే ముందు మునుగుతాయి. పాత చెక్క ఇంట్లో ఏసీ పెట్టినా చిక్కే, చల్లదనమంతా పలకల సందుల్లోంచి పోతుంది.