సెల్లు లేకుండా నడిచే పాత కాలిక్యులేటర్

ప్రశ్న: మా నాన్నగారు కొట్లో వాడిన పాత సోలార్ కాలిక్యులేటర్ బీరువాలో దొరికిందండీ. వెనక విప్పి చూస్తే అసలు సెల్లు పెట్టే చోటే లేదు. ట్యూబులైటు కింద కూడా పనిచేస్తోంది, పైన నల్ల పట్టీ మీద వేలు పెడితే మాత్రం అంకెలు వెలిసిపోతున్నాయి. ఎండ లేకుండా ఎలా నడుస్తోంది? చివరి రెండు అంకెల్లో కొన్ని గీతలు రావట్లేదు, బాగవుతుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: దయచేసి పారేయకండి, చాలావరకు బాగవుతుంది. ఆ నల్ల పట్టీయే సోలార్ సెల్, అది ఇచ్చే కరెంటు చాలా తక్కువ, అయినా సరిపోతోందంటే మిగతా భాగాల పొదుపే కారణం. 1970ల మొదట్లో చాలా కాలిక్యులేటర్లలో అంకెలు ఎర్రటి ఎల్‌ఈడీలతో వెలిగేవి, బ్యాటరీలు ఇట్టే అయిపోయేవి. మీ దాంట్లో ఉన్న ఎల్‌సీడీ తెర సొంతంగా వెలగదు, పడిన వెలుగుని గీతల దగ్గర ఆపుతుంది, అంతే. దానికి చాలా తక్కువ కరెంటుతో నడిచే సీమాస్ రకం చిప్‌ని జతచేసి 1973లో జపాన్ కంపెనీ షార్ప్ ఈఎల్-805 అనే కాలిక్యులేటర్‌ని తెచ్చింది, 1976లో అదే కంపెనీ ఈఎల్-8026కి వీపున సోలార్ సెల్స్ బిగించింది, అంటే ఎండ తగలాలంటే బోర్లా పెట్టాల్సిందే. ట్యూబులైటు కింద నడిచే రోజులు వచ్చింది 1980లో, మరో జపాన్ కంపెనీ సాన్యో అమార్ఫస్ సిలికాన్ (స్ఫటికంగా కాకుండా పలుచటి పొరగా వేసే సిలికాన్) సెల్స్‌ని కాలిక్యులేటర్లలోకి తెచ్చాక. ఈ రకం సిలికాన్ కంటికి కనిపించే వెలుగుని బాగా పట్టుకుంటుంది, ట్యూబులైటు ఇచ్చేది ఎక్కువగా అదే కదా.

పట్టీని దగ్గరగా చూడండి, సన్నటి గీతలతో నాలుగు గదులుగా ఉంటుంది. ఒక్కో గది అర వోల్టు పైచిలుకు ఇస్తుంది, వరసగా కలిపితే దాదాపు 2 వోల్టులు, చిప్‌కి ఒకటిన్నర ఉంటే చాలు. మరి ఎండలో ఎక్కువైతే? చాలా మోడల్స్‌లో లోపల ఒక డయోడ్, కొన్నిట్లో బయటికి కనిపించని చిన్న ఎల్‌ఈడీ, ఆ మిగులుని తాగేస్తుంది! పక్కనే కాస్త కరెంటు దాచిపెట్టే చిన్న కెపాసిటర్, చెయ్యి నీడ పడినంతలో లెక్క పోకుండా కాసేపు ఆదుకుంటుంది.

ఇక గీతల సంగతి. అంకెలు కనిపించే ఎల్‌సీడీ అద్దానికీ, చిప్ ఉన్న బోర్డుకీ మధ్య జీబ్రా స్ట్రిప్ అని మెత్తటి రబ్బరు ముక్క ఉంటుంది, అందులో కరెంటు పారే పొర, పారని పొర ఒకదాని పక్కన ఒకటి. మురికి చేరినా, ఒత్తిడి తగ్గినా కొన్ని గీతలకు కరెంటు అందదు. స్క్రూలు విప్పి, రబ్బరునీ అద్దం అంచునీ బోర్డు మీద అది ఆనే చోటునీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తేలిగ్గా తుడిచి, ఆరాక అన్ని వైపులా సమానంగా బిగించండి. మీది 1983 నాటి క్యాసియో ఎస్‌ఎల్-800 లాగా (0.8 మిల్లీమీటర్ల మందం!) కార్డు రకమైతే మాత్రం విప్పకండి. బిగించాక వరసగా 8లు కొట్టి చూడండి, ఏ గీత రాలేదో వెంటనే తెలుస్తుంది.