హక్కు తీరింది సినిమాకా, డిస్కుకా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. జాన్ వేన్ నటించిన 1963 నాటి వెస్ట్రన్ (కౌబాయ్ సినిమా) 'మెక్‌లింటాక్!' మీద కాపీరైట్ లేదని విన్నాం. తెలుగు సబ్‌టైటిల్స్ వేసి ఐదారు వందల బ్లూ-రే డిస్కులు చేయించి ఇక్కడా, హైదరాబాద్, విజయవాడల్లోనూ అమ్మాలనుకుంటున్నాం. బజార్లో దొరికే డీవీడీ నుంచే బొమ్మ తీసుకోవచ్చా? ఎవరైనా కేసు వేస్తే నిలుస్తుందా?

సమాధానం: మీరు విన్నది నిజమే. అయితే హక్కు తీరిపోయింది 1963లో థియేటర్లకు వచ్చిన సినిమాకే. బజార్లోని డీవీడీలో ఉన్నదంతటికీ తీరలేదు. కాబట్టి డిస్కు వేయవచ్చు, ఆ డీవీడీని మాత్రం ముట్టుకోవద్దు.

అప్పటి అమెరికా చట్టం ప్రకారం సినిమాకు మొదట 28 ఏళ్ల గడువు ఉండేది. ఆ గడువు చివరి ఏడాదిలో రెన్యూవల్ దరఖాస్తు పెడితేనే రెండో గడువు వచ్చేది. 'మెక్‌లింటాక్!' విషయంలో ఆ దరఖాస్తు 1991 డిసెంబరు 31లోపు వెళ్లాలి. నిర్మాణ సంస్థ బాట్‌జాక్ పెట్టలేదు. మరుసటి ఏడాది, 1992లో, అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ చట్టం మార్చి 1964 నుంచి 1977 దాకా ప్రచురితమైనవాటికి దరఖాస్తు లేకుండానే రెన్యూవల్ ఇచ్చేసింది. అంటే 1964లో సరైన కాపీరైట్ నోటీసుతో విడుదలైన అమెరికన్ వెస్ట్రన్‌కి 95 ఏళ్ల లెక్కన 2059 చివరి దాకా రక్షణ ఉంది. ఒక్క ఏడాది తేడాతో ఇంత దూరం. 'ఇదీ పాతదే కదా' అని రెండో సినిమాకి వెళ్లేముందు ఈ గీత గుర్తుంచుకోండి. ఇటాలియన్ వెస్ట్రన్‌ల జోలికైతే అసలు వెళ్లకండి. అమెరికాలో ఒకప్పుడు హక్కు పోయిన విదేశీ చిత్రాల్లో చాలావాటికి 1996 జనవరి 1 నుంచి మళ్లీ హక్కు వచ్చింది. ఆ చట్టం చెల్లుతుందని అమెరికా సుప్రీంకోర్టు 2012లో గోలన్ కేసులో తేల్చింది.

రెన్యూవల్ లేదన్న సంగతి మీరే రుజువు చేసుకుని దస్త్రంలో పెట్టుకోవాలి. ఇంటర్నెట్‌లో తిరిగే జాబితా రుజువు కాదు. 1978 నుంచి జరిగిన రెన్యూవల్స్ కాపీరైట్ ఆఫీసు ఆన్‌లైన్ కేటలాగ్‌లో ఉంటాయి, వాటి నంబర్లు 'ఆర్‌ఈ' అక్షరాలతో మొదలవుతాయి. 1950 తర్వాత, 1964కి ముందు వచ్చిన సినిమాలకు ముఖ్యంగా ఇక్కడే చూడాలి. సినిమా పేరుతో ఒకసారి, నిర్మాణ సంస్థ పేరుతో, రచయిత పేరుతో, సంగీత దర్శకుడి పేరుతో విడివిడిగా వెతకండి. చాలామంది సినిమా పేరు ఒక్కటీ కొట్టి, ఏమీ రాలేదని సంబరపడి అక్కడే దెబ్బ తింటారు. ఆఫీసుకే రుసుము కట్టి వెతికించి లిఖిత నివేదిక తెప్పించుకుంటే మంచిది. డిస్కులు అచ్చొత్తే ఫ్యాక్టరీ హక్కుల డిక్లరేషన్ మీద సంతకం అడుగుతుంది, అప్పుడు ఆ నివేదికే జతచేయవచ్చు.

ఇన్ని పేర్లతో ఎందుకంటే, సినిమా హక్కు పోయినా దాని కింద ఉన్న కథ హక్కు బతికి ఉండవచ్చు. కథ హక్కు సినిమా హక్కు నుంచి విడిగా నిలుస్తుందని 1990లో స్టీవార్ట్ వర్సెస్ అబెండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' రెన్యూవల్ లేక 1974లో ఎవరైనా వేసుకునే సినిమా అయింది. 1993లో కథ మీద, సంగీతం మీద ఉన్న హక్కులు చూపించి రిపబ్లిక్ పిక్చర్స్ దాన్ని మళ్లీ తన చేతిలోకి తెచ్చుకుంది.

మీ అదృష్టం ఏమిటంటే, 'మెక్‌లింటాక్!' మీద ఈ యుద్ధం ఇప్పటికే జరిగిపోయింది. స్క్రీన్‌ప్లేని తాము విడిగా ప్రచురించలేదు కాబట్టి దాని హక్కు ఇంకా ఉందని బాట్‌జాక్ వాదించింది. సినిమా విడుదలైనప్పుడే అందులో కనబడినంత మేరకు స్క్రీన్‌ప్లే కూడా ప్రచురితమైనట్టేనని, సినిమా హక్కుతో పాటే దాని హక్కూ పోయిందని అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 1998లో గుడ్‌టైమ్స్ హోమ్ వీడియో కంపెనీ కేసులో తీర్పిచ్చింది. సంగీతం పేరుతో వేసిన దావా కూడా 1996లో అదే కోర్టులో నిలవలేదు. అలాగని పాటల్ని వదిలేయకండి. ఫ్రాంక్ డి వోల్ సంగీతం, లైమ్‌లైటర్స్ పాడిన పాటలు విడిగా రిజిస్టరై, విడిగా రెన్యూ అయ్యాయేమో ఒక్కో పేరుతో చూడాలి. మెనూలోనో ట్రైలర్‌లోనో సినిమాలో లేని సంగీతం కలిపితే అది కొత్త వాడకం, దానికి విడిగా లైసెన్సు తీసుకోవాలి.

ఇక బొమ్మ ఎక్కడి నుంచి తేవాలి? అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇది పానావిజన్ వెడల్పు తెర సినిమా. టీవీ కొలతకు తగ్గట్టు ఫ్రేమును అటూ ఇటూ జరిపి కత్తిరించే పాన్-అండ్-స్కాన్ కాపీలో కొత్త సృజన ఉండవచ్చని, దానికి కాపీరైట్ దక్కవచ్చని 1997లో కాలిఫోర్నియా ఫెడరల్ జిల్లా కోర్టు చెప్పింది. అది ఈ సినిమా గురించిన కేసే. పారమౌంట్ 2005లో తెచ్చిన అధికారిక డీవీడీలో వ్యాఖ్యానం, అదనపు ఫీచర్లు, కవర్ బొమ్మ ఇవన్నీ కొత్తవి. పైగా కాపీ చేయకుండా డిస్కుకు వేసిన డిజిటల్ తాళం తీయడమే అమెరికా చట్టంలో వేరే వివాదం. అందులో సినిమా భాగం ఒక్కటే తీసుకున్నామని చెప్పుకోవాల్సిన స్థితి ఎందుకు?

పాత థియేటర్ ప్రింటు కొని స్కాన్ చేయించండి. ఖర్చవుతుంది, కాని కేసు వస్తే మీ చేతిలో అసలు ఆధారం అదే. 127 నిమిషాల సినిమా 35 ఎంఎంలో దాదాపు 11,400 అడుగులు, అంటే రెండువేల అడుగుల రీళ్లు ఆరు. కొనేటప్పుడు ఆరూ ఉన్నాయా, ఫ్రేము పూర్తి వెడల్పు ఉందా, వెనిగర్ వాసన (ఫిల్మ్ పాడవుతోందనడానికి గుర్తు) వస్తోందా, రంగు ఎర్రబారిందా అని చూసి రసీదులో రాయించండి. రంగుల్ని అద్దకంలా ఫిల్మ్ మీద వేసే టెక్నికలర్ డై-ట్రాన్స్‌ఫర్ ప్రింటులో రంగు నిలుస్తుంది, ఆ కాలపు ఈస్ట్‌మన్ ప్రింటులో సాధారణంగా నిలవదు. 16 ఎంఎం టీవీ ప్రింట్లు చవగ్గా దొరికినా తరచు కత్తిరించినవే ఉంటాయి, వద్దు. ప్రింటు రసీదు, స్కాన్ ల్యాబ్ బిల్లు, కుదించని స్కాన్ ఫైళ్లు మూడూ దాచుకోండి. అమెరికాలో చట్టమే నిర్ణయించిన నష్టపరిహారం ఒక్కో కృతికి 750 నుంచి 30,000 డాలర్లు, కావాలని చేశారని తేలితే 1,50,000 దాకా. మీ ఉద్దేశం శుభ్రమని చూపించేవి ఈ కాగితాలే.

కవర్ మీద జాన్ వేన్ బొమ్మకి ఆ సినిమాలోని ఫ్రేమే వాడండి. ఆయన 1979లో మరణించారు. కాలిఫోర్నియాలో పేరూ రూపం మీద హక్కు మరణానంతరం 70 ఏళ్లు ఉంటుంది. సినిమా అమ్మడానికి దానికి మినహాయింపు ఉంది, అదే బొమ్మతో టీషర్టు అమ్మితే లేదు.

భారత్‌లో లెక్క వేరు. కాపీరైట్ చట్టం 26వ సెక్షన్ కింద సినిమాకు ప్రచురణ తర్వాతి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు. ఈ సినిమాకి అది 2023 డిసెంబరు 31తో ముగిసింది. స్క్రీన్‌ప్లే రాసిన జేమ్స్ ఎడ్వర్డ్ గ్రాంట్ 1966లో మరణించారు కాబట్టి, రచనకు వర్తించే లెక్కలో 2026 చివరి దాకా అని ఎవరైనా అనవచ్చు. మూల దేశంలో ఉన్న గడువు కంటే ఇక్కడ ఎక్కువ ఉండదన్న 1999 అంతర్జాతీయ కాపీరైట్ ఉత్తర్వు మీకు జవాబు.

హక్కు లేని సినిమాకి కూడా మన దగ్గర 52ఏ సెక్షన్ అడ్డొస్తుంది. సెన్సార్ సర్టిఫికెట్ ప్రతి, డిస్కు చేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు అనుమతి తీసుకున్నట్టు డిక్లరేషన్ తెర మీదా, పెట్టె మీదా ఉండాలి. హక్కుదారే లేనప్పుడు ఎవరి అనుమతి రాయాలో ఆ సెక్షన్ చెప్పదు. లేని అనుమతి ఉన్నట్టు రాయకండి. రక్షణ గడువు ముగిసిందని, తేదీతో సహా రాయండి. 52ఏ ఉల్లంఘనకు 68ఏ కింద మూడేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి. డాలస్‌లో చేసి పార్సిల్లో పంపినా భారత్‌లో అమ్మితే ఇదే వర్తిస్తుంది. అందుకే సెన్సార్ సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా భారత్ వాటా డిస్కులు వేయించవద్దు.

సబ్‌టైటిల్స్ రాసేవారు వాటి కాపీరైట్‌ను మీకు బదిలీ చేసే ఒప్పందం కాగితం మీద ఉండాలి. భారత చట్టం 19వ సెక్షన్ ప్రకారం కాలం రాయకపోతే ఐదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారత్ మాత్రమేనని అర్థం. ఏడాదిలోపు వాడకపోతే, వేరేలా రాసుకోకుంటే, బదిలీ రద్దవుతుంది. 'ప్రపంచమంతటా, కాపీరైట్ పూర్తి గడువుకు, ఏడాదిలోపు వాడకపోయినా రద్దు కాకుండా' అన్న మాటలు, ముట్టే మొత్తం స్పష్టంగా రాయించి, మొదటి చెల్లింపుకు ముందే సంతకం తీసుకోండి. సబ్‌టైటిల్స్‌కి వాడే తెలుగు ఫాంటు వాణిజ్య వాడకానికి అనుమతించేదేనా అన్నది కూడా అప్పుడే చూసుకోండి.