వేప్‌తో మొదలైతే సిగరెట్ దాకా వెళ్తారా?

అడిగింది: డాలస్‌లో 11వ తరగతి చదివే మా అబ్బాయి బ్యాగులో మామిడిపండు వాసనొచ్చే వేప్ (ఎలక్ట్రానిక్ సిగరెట్) దొరికింది. ఇది సిగరెట్‌కి దారితీస్తుందా? సెలవులకి హైదరాబాద్ వస్తున్నాం. అక్కడ దొరకదు కాబట్టి మానేస్తాడా?

రెండో ప్రశ్నతో మొదలుపెడతానండి, తొందరగా తేలాల్సింది అదే. హైదరాబాద్‌లో వేప్ దొరకదని ధీమాగా ఉండొద్దు. సిగరెట్ అలవాటు అంటుకునేది సరిగ్గా వేప్ చేతికందని చోటే.

వేప్ వాడిన పిల్లలు తర్వాత సిగరెట్ ముట్టుకోవడం ఎక్కువన్న మాట నిజమే. 2017లో జామా పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో 9 అధ్యయనాలను కలిపి చూశారు. వేప్ వాడి చూసినవాళ్లలో సుమారు 30 శాతం మంది తర్వాత సిగరెట్ కాల్చారు, వాడనివాళ్లలో 8 శాతం. కానీ అక్కడ 'కాల్చారు' అంటే ఒక్క దమ్ము పీల్చినా లెక్కే. పైగా వేప్ జోలికి పోయే పిల్లల్లో చాలామందికి సిగరెట్ తాగే స్నేహితులుంటారు, దుడుకుతనం ఉంటుంది. వేప్ లేకపోయినా వాళ్లు అటు వెళ్లేవాళ్లేమో.

దేశం మొత్తం మీద చూస్తే లెక్క తిరగబడుతుంది. అమెరికా హైస్కూల్ పిల్లల్లో 2011లో వేప్ వాడేవాళ్లు 1.5 శాతం, సిగరెట్ తాగేవాళ్లు 15.8 శాతం. 2019కి వేప్ 27.5కి ఎగబాకింది, సిగరెట్ 5.8కి పడిపోయింది. వేప్ పట్టిన ప్రతివాడూ సిగరెట్‌కి మారుంటే ఈ అంకెలు ఇలా ఉండవు. అలాగని మీ అబ్బాయికి ఏమీ కాదని ఈ అంకెల్ని చూసి అనుకోకూడదు. నా దృష్టిలో చూడాల్సింది రెండే: నికోటిన్‌కి ఎంత బానిసయ్యాడు, వేప్ చేతిలో లేని రోజు అందుబాటులో ఏముంది.

పాత రకం వేప్ ద్రవంలో నికోటిన్ ఎక్కువైతే గొంతు మండేది, కొత్తవాళ్లు దగ్గి వదిలేసేవాళ్లు. దానికి బెంజోయిక్ ఆమ్లం కలిపి లవణంగా మార్చాక ఆ ఘాటు పోయింది. జూల్ అనే కంపెనీ వేప్‌లో పెట్టే 5 శాతం పాడ్‌లో (ద్రవం నింపిన చిన్న డబ్బీ) 0.7 మిల్లీలీటర్ల ద్రవమే, అందులో నికోటిన్ మాత్రం 40 మిల్లీగ్రాముల దాకా. సిగరెట్ ఒకటయ్యాక ఆగుతుంది, వేప్‌కి ఆ హద్దు లేదు. తరగతిలో చొక్కా చేతి మాటునే పీల్చేయొచ్చు.

కాబట్టి తిట్టే ముందు రెండు మాటలు అడగండి. పొద్దున లేచిన ఎంతసేపటికి మొదటి దమ్ము? ఒక పాడ్ ఎన్నాళ్లొస్తుంది? లేచిన 30 నిమిషాల్లోపు కావాల్సి వస్తే అలవాటు బాగా ముదిరినట్టే, 5 నిమిషాల్లోపైతే మరీను. వారానికోసారి స్నేహితులతో పీల్చేవాడి సంగతి వేరు, వాడికి మందులక్కర్లేదు.

ఇక ప్రయాణం. భారత్‌లో 2019 చట్టం ప్రకారం వేప్ దిగుమతి నేరం. మొదటిసారికే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. సంచిలో పెట్టుకుని రాకుండా చూడండి. చివరి దమ్ము తర్వాత కొన్ని గంటలకే చిరాకు మొదలై రెండు మూడు రోజుల్లో తారస్థాయికి చేరుతుంది. అది సరిగ్గా మీరు ఇక్కడ దిగే సమయం. నిద్ర పట్టకపోవడం, విసుక్కోవడం చూసి మీరు జెట్‌లాగ్ అనుకుంటారు, వాడేమో వీధి చివర పాన్ డబ్బాలో విడిగా ఒక్క సిగరెట్ కొనుక్కుంటాడు. 18 ఏళ్లలోపువాళ్లకి అమ్మకూడదని చట్టం ఉన్నా వయసు అడిగే డబ్బావాళ్లు తక్కువ.

అందుకే కనీసం నెల ముందు అక్కడి పిల్లల డాక్టర్‌కి చూపించండి. 18 నిండనివాళ్లకి అమెరికాలో కోరికను తగ్గించే నికోటిన్ గమ్ డాక్టర్ చీటీ లేకుండా అమ్మరు. గమ్ రాసిస్తే వాడే పద్ధతి ముఖ్యం: నాలుగైదుసార్లు నెమ్మదిగా నమిలి, నోరు చురుక్కుమనగానే చిగురుకీ బుగ్గకీ మధ్య నొక్కిపెట్టాలి, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి, ఇలా అరగంట. మామూలు చూయింగ్ గమ్‌లా నమిలితే నికోటిన్ కడుపులోకి పోయి ఎక్కిళ్లు, వికారం వస్తాయి, కోరిక మాత్రం తగ్గదు. కాఫీ, కూల్‌డ్రింక్ తాగిన 15 నిమిషాల దాకా వేసుకోకూడదు. ఆ పులుపుకి బుగ్గ నికోటిన్‌ని పీల్చుకోదు.

దొంగచాటుగా మూత్ర పరీక్ష చేయించాలని చాలామంది అమ్మానాన్నలకి అనిపిస్తుంది. ఒంట్లో నికోటిన్ విరిగి తయారయ్యే కోటినిన్‌ని చూసే ఆ పరీక్ష వేప్‌కీ సిగరెట్‌కీ గమ్‌కీ ఒకేలా పాజిటివ్ చూపిస్తుంది, దానివల్ల మీకేమీ తెలియదు. సిగరెట్ పొగను పట్టేది ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ చూసే పరికరం, వేప్‌తో అది పెరగదు. అదీ అబ్బాయి ఒప్పుకున్నాకే చేయించండి.

మానేయడానికి సాయం చేసే ఫోన్ లైన్లున్నాయి: అక్కడ ఉన్నప్పుడు మాట్లాడటానికి 1-800-784-8669, ఇక్కడికొచ్చాక 1800-11-2356, రెండూ ఉచితం. ఇంకో సంగతి, హైదరాబాద్ ఇంట్లో మామయ్యో బాబాయో సిగరెట్ తాగేవాళ్లుంటే పెట్టె బల్ల మీద వదిలేయొద్దని బయల్దేరకముందే ఫోన్ చేసి చెప్పండి.