మాల్ట్ మిల్లు మోటార్ వేగం తగ్గించాలంటే

రెండు రోలర్ల మిల్లుకి 1725 ఆర్‌పీఎం (నిమిషానికి 1725 చుట్లు) సింగిల్ ఫేజ్ మోటార్ బిగిస్తే, బీరు కోసం ఆడించే బార్లీ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) పిండైపోతోందనీ, వేగం తగ్గించడానికి డిమ్మర్ (వోల్టేజీ తగ్గించే స్విచ్) పెడితే మోటార్ మూలుగుతూ వేడెక్కుతోందనీ రాశారు కదండీ. ముందు ఆ డిమ్మర్ తీసేయండి, ప్లీజ్. మీది ఇండక్షన్ మోటార్. దాని వేగం కరెంటు ఫ్రీక్వెన్సీ మీద, లోపలి పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) సంఖ్య మీద ఆధారపడుతుంది. మీరుండే అమెరికాలో 60 హెర్ట్జ్, మోటార్‌కి నాలుగు పోల్స్. అందుకే 1725. వోల్టేజీ తగ్గిస్తే బలం పోతుంది. వేగం బాగా పడిపోతే స్టార్టింగ్ వైండింగ్ (మోటార్ మొదలయ్యేటప్పుడు మాత్రమే పనిచేసే తీగచుట్ట) మళ్లీ కరెంటుకి కలిసి కాలిపోవచ్చు కూడా.

పుల్లీలు మార్చడమే సరైన దారి. మోటార్‌కి ఒకటిన్నర అంగుళాలది, మిల్లుకి 14 అంగుళాలది వేస్తే రోలర్ 185 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. 12 అంగుళాలదే దొరికితే 215 వస్తుంది, అదీ నడుస్తుంది. పుల్లీలతో వేగం తగ్గించినకొద్దీ రోలర్‌ని తిప్పే బలం పెరుగుతుంది కాబట్టి గింజలు పడ్డాక మిల్లు ఆగిపోదు.

వేగంతో పాటు రోలర్ల మధ్య సందు కూడా చూడండి. ఒక మిల్లీమీటరుతో మొదలుపెట్టి, గుప్పెడు మాల్ట్ ఆడించి చూడండి. లోపలి గింజ మూడు నాలుగు ముక్కలవ్వాలి, పొట్టు మాత్రం వీలైనంత నిలవాలి. వోర్ట్‌ని (మాల్ట్ వేడినీళ్లలో నానాక వచ్చే తీపి ద్రవాన్ని) వడకట్టేది ఆ పొట్టే. అది నలిగిపోతే అడుగున ముద్ద కట్టి ద్రవం దిగదు.

బెల్టుకి మూత తప్పనిసరి. సందు సరిచేసేటప్పుడు ప్లగ్ పీకేయండి. మోటార్ ఆన్ చేసి, వేగం అందుకున్నాకే గింజలు పోయండి.