మళ్లీ కత్తి పడకముందే చెవి స్థితి కాగితం మీదికి రావాలి

ప్రశ్న: మాది హైదరాబాద్, నల్లకుంట. వయసు 27. చిన్నప్పటి నుంచి నా చెవులు చేటల్లా బయటికి ఉండేవి. పద్నాలుగు నెలల క్రితం ఒక కాస్మెటిక్ క్లినిక్‌లో 90,000 రూపాయలు కట్టి ఆపరేషన్ చేయించుకున్నాను. ఇప్పుడు ఎడమ చెవి నడిమి భాగం తలకు అతుక్కుపోయి, పైఅంచూ తమ్మె బయటికి పొడుచుకొచ్చాయి. కుడి చెవి మూడు నెలలకే మళ్లీ మొదటికొచ్చింది. దాని వెనక కుట్టుదారం చర్మంలోంచి పైకి తేలింది. క్లినిక్ వారు ఉచితంగా మళ్లీ చేస్తామంటూ ఒక కాగితం మీద సంతకం అడుగుతున్నారు. మరో సర్జన్ మాత్రం పక్కటెముక మృదులాస్థి తీసి అమర్చాల్సి రావచ్చన్నారు. ఆ ఖర్చు మొదటి క్లినిక్ నుంచి రాబట్టవచ్చా?

జవాబు: రాబట్టవచ్చు. అయితే ఆ కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. ఇలాంటి పత్రాల్లో ఉచిత చికిత్స సంగతి రెండు వాక్యాల్లో ముగించి, ‘ఇకమీదట ఎలాంటి క్లెయిమూ చేయను’ అన్న మాటను చివర్లో చేర్చడం నా దగ్గరికి వచ్చిన కేసుల్లో చూశాను. వారి చేతే మళ్లీ చేయించుకోవడానికి మీరు ఇష్టపడినా, హక్కులు వదులుకునే ఆ వాక్యాన్ని కొట్టివేయించిన తరువాతే సంతకం చేయాలి.

ఫలితం బాగా రాకపోవడం, నిర్లక్ష్యం ఒకటి కావు. మీ ఎడమ చెవి ఆకారాన్ని వైద్యులు ‘టెలిఫోన్ చెవి’ అంటారు. అదీ, కుట్లు జారి చెవి పాతస్థితికి రావడమూ ఈ ఆపరేషన్‌లో తెలిసిన దుష్ఫలితాలే కనుక, క్లినిక్ న్యాయవాది మొట్టమొదట చెప్పేది అదే. ఆపరేషన్ తరువాత మీరు రాత్రిపూట తలకు బ్యాండ్ కట్టుకోలేదని కూడా అంటారు. అందువల్ల మీ వాదన చెవి వంకరగా ఉందన్న చోట ఆగకూడదు. తగిన నైపుణ్యం గల సర్జన్ తీసుకోవలసిన జాగ్రత్త తీసుకున్నారా, ఈ ప్రమాదాలను ముందుగా వివరించారా, కుట్టు జారిన మూడో నెలలో మీరు చూపించుకున్నప్పుడు ఏం చేశారు అన్నవే అసలు ప్రశ్నలు. వివరించకుండా తీసుకున్న సంతకం సరైన సమ్మతి కాదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆపరేషన్ చేసిన వ్యక్తి ప్లాస్టిక్ సర్జరీలో అర్హత పొందినవారేనా అన్నది కూడా విచారించండి. తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ప్రిస్క్రిప్షన్ మీద ఉండి తీరాలి.

ఇక ముఖ్యమైన మాట. రెండో ఆపరేషన్‌తో మొదటి ఆపరేషన్ సాక్ష్యం చెరిగిపోతుంది. బయటికి తేలిన ఆ దారాన్ని కొత్త సర్జన్ తీసి పారేస్తే, ఆ తరువాత దానిని ఎవరికీ చూపలేము. కనుక ముందుగా చెవులను ఎదుటి నుంచి, వెనక నుంచి, రెండు పక్కల నుంచి తేదీతో ఫోటోలు తీయించండి. లోపం ఏమిటో, దిద్దడానికి ఏం చేయాలో, ఎంత ఖర్చవుతుందో రెండో సర్జన్ చేత లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. కేస్ షీటు, ఆపరేషన్ నోట్సు, కన్సెంట్ ఫారం కావాలని మొదటి క్లినిక్‌కు రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. ‘గ్యారంటీ రిజల్ట్’ అని వారు పంపిన వాట్సాప్ సందేశాలుంటే ఆ ఫోన్‌ను మార్చకండి. బిల్లు మీద 18 శాతం జీఎస్టీ వేశారేమో కూడా చూడండి. పుట్టుకతో వచ్చిన లోపాన్ని సరిదిద్దే చికిత్సకు ఆ పన్ను మినహాయింపు ఉంది.

ఫిర్యాదు హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 50 లక్షలు దాటనంతవరకు జిల్లా కమిషనే వింటుంది, ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. మీరు కట్టిన 90,000తో పాటు దిద్దుబాటు ఆపరేషన్ ఖర్చు, సెలవుల వల్ల పోయిన జీతం, మానసిక వేదనకు పరిహారం అడగండి. నిపుణుడి అభిప్రాయం ప్రతి కేసులోనూ తప్పనిసరి కాదని 2010లో వి. కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, మీ కేసులో చర్చంతా సర్జన్ చేతిపని గురించే కనుక రెండో సర్జన్ రాసిచ్చే లేఖ లేకుండా వెళ్లమని నేను చెప్పను.

ఫిర్యాదు వేయడానికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చిన గడువు రెండేళ్లు. ఆలస్యాన్ని కమిషన్ మన్నించే వీలున్నా దానిని నమ్ముకోవద్దు. క్లినిక్‌తో ‘వచ్చే నెల చూద్దాం’ అంటూ సాగే మాటల వల్ల గడువు ఆగదు, మచ్చ మెత్తబడేదాకా ఆగమని సర్జన్ చెప్పినా ఆగదు. మొదటి ఆపరేషన్ తేదీ నుంచి లెక్కేస్తే మీకు మిగిలింది పది నెలలు. రికార్డులు చేతికి రాగానే పదిహేను రోజుల గడువుతో లీగల్ నోటీసు పంపించి, జవాబు వచ్చినా రాకున్నా ఫిర్యాదు దాఖలు చేయండి. రెండో ఆపరేషన్ ఆ తరువాత ఎప్పుడైనా చేయించుకోవచ్చు.