‘ఆయన చెప్పులు తీయలేకపోతున్నా.. నాకు మతి చలిస్తోందా డాక్టర్?’

ప్రశ్న: నా వయసు 59. మావారు ఎనిమిది నెలల కిందట గుండెపోటుతో హఠాత్తుగా పోయారు. అమెరికాలో ఉన్న మా అమ్మాయి జోన్ డిడియన్ అనే రచయిత్రి పుస్తకం పంపింది. భర్త పోయాక ఆమె పడ్డ బాధంతా అందులో ఉంది. రాత్రుళ్లు నిద్రపట్టనప్పుడు అదే మళ్లీ మళ్లీ చదువుతున్నాను. ఏడుపొస్తుంది, ఆ తర్వాత మనసు కాస్త తేలికపడుతుంది. ‘ఇలాంటివి చదివితే ఇంకా కుంగిపోతావు’ అని మా అబ్బాయి కోప్పడుతున్నాడు. ఆయన చెప్పులు గుమ్మం దగ్గర నుంచి తీయలేకపోతున్నాను. సాయంత్రం గేటు తీసిన చప్పుడు వినిపిస్తుంది. పిల్లలకు ట్యూషన్లు చెప్పడం మాత్రం మానలేదు. నాకు మతి చలిస్తోందా? నిద్రమాత్రలు వాడొచ్చా?
– ఓ సోదరి, కాకినాడ

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి మతి చలించిన లక్షణాలేవీ కనిపించడం లేదమ్మా. ఆ పుస్తకం మీకెందుకు ఊరటనిస్తోందో కూడా అర్థమవుతోంది. 2003 డిసెంబరు 30 రాత్రి భోజనాల బల్ల దగ్గరే డిడియన్ భర్త కుప్పకూలిపోయారు. ఆయన బట్టలు ఇచ్చేయగలిగినా బూట్లు మాత్రం ఆమె ఇవ్వలేకపోయారు. తిరిగొస్తే వేసుకోవడానికి ఉండాలి కదా అనిపించిందట. ఎంతో చదువుకున్న, పేరున్న రచయిత్రికే అలా అనిపించింది. ఎవరికీ చెప్పుకోలేక మీలో మీరే భయపడుతున్న మాటను ఆమె పైకి చెప్పారు. అది చదివితే ఏడుపు రావడం సహజం. ఆ ఏడుపుతో జబ్బు ముదరదు. ఈ సంగతి మీ అబ్బాయికి చెప్పండి. ఫొటోలు దాచేసి, పోయినవారి పేరెత్తకుండా ఉంటే తొందరగా కోలుకుంటారని మన ఇళ్లలో చాలామంది అనుకుంటారు. అది ప్రేమతో చేసే పనే అయినా మనిషిని మరింత ఒంటరిని చేస్తుందని నా అభిప్రాయం. మీ అబ్బాయి కూడా తండ్రిని పోగొట్టుకున్నవారే. వీలైతే మీ ఇద్దరూ కూర్చుని ఆయన గురించి మాట్లాడుకోండి.

ఇక గేటు చప్పుడు. భార్యనో భర్తనో పోగొట్టుకున్న 293 మందిని వేల్స్‌లో డెవీ రీస్ అనే వైద్యుడు స్వయంగా కలిసి మాట్లాడి, 1971లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ వివరాలు రాశారు. పోయినవారు దగ్గరే ఉన్నట్టో, కనిపించినట్టో, మాట్లాడినట్టో ఏదో ఒకటి అనిపించిందని దాదాపు సగం మంది చెప్పారు. కొందరికి గొంతు కూడా వినిపించింది. వాళ్లలో ఎక్కువమంది అప్పటిదాకా ఈ మాట ఎవరికీ చెప్పుకోలేదు. ఏళ్ల తరబడి ఒక వేళకి ఒక చప్పుడు కోసం ఎదురుచూసిన చెవి అంత త్వరగా ఊరుకోదమ్మా. చెప్పులు కూడా తీయాలనిపించినప్పుడే తీయండి, గడువేమీ లేదు.

అయితే పుస్తకం ఊరటే తప్ప చికిత్స కాదు. ఏడాది దాటినా బాధ తీవ్రత తగ్గకపోతే, దాదాపు ప్రతిరోజూ ఆ ధ్యాసే తప్ప మరోటి లేక ఇంటిపనులు, మనుషులతో మాటలు ఆగిపోతే ‘ప్రొలాంగ్డ్ గ్రీఫ్ డిజార్డర్’ అంటారు. అమెరికా సైకియాట్రీ సంఘం 2022లో దీన్ని తన జబ్బుల జాబితాలో చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలల గడువే పెట్టినా, గడువు దాటడం ఒక్కటే జబ్బుకు గుర్తు కాదు. మీరు ట్యూషన్లు చెబుతున్నారు, చదువుతున్నారు, సాయం అడుగుతున్నారు. ఇవన్నీ మంచి సూచనలే. సంవత్సరీకం దగ్గరపడేకొద్దీ దుఃఖం మళ్లీ ఉప్పెనలా రావచ్చు, కంగారుపడకండి. ఆ రోజుల్లో అమ్మాయినో, చెల్లెలినో దగ్గర ఉండమనండి.

నిద్రమాత్రలు సొంతంగా కొనుక్కోవద్దు. ఈ వయసులో వాటివల్ల మత్తుగా ఉండి రాత్రిపూట లేచినప్పుడు పడిపోయే ప్రమాదం ఉంది, అలవాటుపడితే మానడమూ కష్టం. పుస్తకాన్ని అర్ధరాత్రి కాకుండా పగటిపూట, ట్యూషన్ పిల్లలు వచ్చేలోపు చదవండి. మధ్యాహ్నం తర్వాత కాఫీ మానేసి, సాయంత్రం కాసేపు నడవండి. రెండు మూడు వారాలైనా నిద్ర కుదరకపోతే డాక్టర్‌ను కలవండి.

చచ్చిపోవాలనిపించినా, తిండి మానేసి బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే ‘బాధవల్లే’ అని సరిపెట్టుకోకండి. తీవ్రమైన దుఃఖంలో గుండె కండరం ఒక్కసారిగా బలహీనపడే ‘టకోట్సుబో’ అనే సమస్య మెనోపాజ్ దాటిన మహిళల్లోనే ఎక్కువ. వెంటనే ఈసీజీ తీయించుకోవాలి. ఆయన పోయాక మీ బీపీ, షుగర్ చూపించుకున్నారో లేదో రాయలేదు. చూపించుకోకపోతే ఈ వారమే వెళ్లండి, వెంట మీ అబ్బాయిని తీసుకెళ్లండి.