ఇల్లు మూసి పిల్లల దగ్గరికి బయల్దేరే తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి, మరదలికి అక్క ఆశీస్సులు.

వినాయక చవితి వెళ్ళాక బెంగుళూరు వెళ్ళి, సంక్రాంతికి తిరిగొస్తామని రాశావు. మంచిదే. కోడలికి 26 వారాల ప్రసూతి సెలవు అయిపోయి మళ్ళీ ఆఫీసుకి వెళ్ళే రోజుల్లో ఇంట్లో మీరుంటే ఆ పిల్లకి కొండంత ధైర్యం. కానీ నీ ఉత్తరం నిండా దొంగల భయమే ఉంది. ఏ తాళం కొనాలి, కెమెరా పెట్టించాలా అని. బంగారం బ్యాంకు లాకర్లో పడెయ్యి, తాళం వేసిన ఇళ్ళ మీద నిఘా పెడతారేమో పోలీస్‌స్టేషన్‌లో ఒకసారి అడుగు, అక్కడితో ఆ సంగతి సరి. మన కోనసీమలో నాలుగు నెలలు మూసిన ఇంటిని దొంగ కన్నా ముందు చెమ్మ దోచుకుంటుంది. తర్వాత చెదలు, ఎలకలు, ఆ తర్వాత మనిషి.

అంచేత ముందు తేలాల్సింది తాళంచెవి ఎవరికి ఇస్తావన్నది. చుట్టాలకి వద్దు. మొహమాటానికి ఒప్పుకుంటారు, నెల తిరక్కుండా మానేస్తారు, మనం అడగలేం. మీ ఇంట్లో పనిచేసే ఆవిడకే నెలకింతని మాట్లాడి, వారానికి రెండుసార్లు గంటసేపు రమ్మను. జీతం ఏ నెలకి ఆ నెల ఫోన్లో వేసెయ్యి. "కాస్త ఇల్లు చూస్తుండమ్మా" అంటే ఎవరూ చూడరు. ఏం చెయ్యాలో పేరుపేరునా చెప్పాలి. ఎండ కాసిన రోజు పదింటికి తలుపులూ కిటికీలూ తెరిచి మూడింటికల్లా మూసెయ్యడం, ముసురు పట్టిన రోజు అసలు తెరవకపోవడం (బయటి గాలిలో తడి లోపలికన్నా ఎక్కువ, తెరిస్తే నష్టమే), ప్రతి జాలీలో చెంబుడు నీళ్ళు పొయ్యడం, డాబా మీద ఆకులు తియ్యడం, మోటారు పది నిమిషాలు ఆడించడం. ఈ ఐదూ అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి వంటింటి గోడకి కట్టు. వారానికోసారి వీడియో కాల్ చేయించుకుని మూలలు చూపించమను. నట్టింట్లో నిలబడి చూపిస్తే ఏ ఇల్లయినా బాగానే ఉంటుంది. బీరువా వెనకా, మంచం కిందా, అటక మీదా చూపించాలి.

ఇక చెమ్మ. ఇల్లు బిగించేకొద్దీ బూజు ఎక్కువ. పై వెంటిలేటర్లకి దోమల జాలీ కొట్టించి తెరిచే ఉంచు. లోపలి గదుల తలుపులన్నీ బార్లా తీసి కదలకుండా ఇటుక అడ్డం పెట్టు. బీరువాలూ మంచాలూ గోడకి జానెడు దూరం జరుపు, గోడలోంచి దిగే తడి చెక్కకి ఎక్కకుండా ఉంటుంది. బూరుగు దూది పరుపులు రెండ్రోజులు ఎండలో వేసి, సాయంత్రం నీడలో పూర్తిగా చల్లారాక చుట్టాలి. వేడి మీద చుడితే లోపల చెమర్చి, వచ్చేసరికి నల్ల మచ్చలు తేలతాయి. నేల మీద మాత్రం పెట్టకు, మంచం మీదే ఉండాలి.

పట్టుచీరల గురించి మరదలికి గట్టిగా చెప్పు. ప్లాస్టిక్ సంచుల్లోంచి తీసి, ఉతికిన పాత నూలు పంచెలో చుట్టాలి. ప్లాస్టిక్ చెమ్మని లోపలే పట్టి ఉంచుతుంది, జరీ నల్లబడుతుంది. కలరా ఉండలు చీరకి తగలకుండా వేరే మూటగా కట్టి అర మూలన పెట్టాలి. లవంగాలయినా సరే. ఒకే మడత మీద నాలుగు నెలలు ఉంటే పట్టు చీరుకుపోతుంది, మడతలు మార్చి పెట్టమను.

గదికో పెద్ద మట్టి మూకుడులో తడవని సున్నపు గుల్ల పోసి మూలన పెడితే గాలిలో తడి లాగేస్తుంది. కానీ మూకుడు సగానికి మించి పొయ్యొద్దు, తడి పీల్చేకొద్దీ గుల్ల ఉబ్బి పిండై పొర్లిపోతుంది. పిండయిందంటే దాని పని అయిపోయినట్టు, పారబోసి కొత్తది పొయ్యాలి. ప్లాస్టిక్ గిన్నె పనికిరాదు, పెంకు కారి మీద నీటిచుక్క పడితే గుల్ల భగ్గున వేడెక్కుతుంది. బట్టల దగ్గరా పెట్టకు. కాగితాలు, దస్తావేజులు అన్నీ ఒక స్టీలు పెట్టెలో పెట్టి, ఆ పెట్టె మీవెంట తీసుకెళ్ళడం మేలు. జిరాక్సులు ఇక్కడ ఉంచు.

వంటిల్లు ఖాళీ చెయ్యడానికి మరదలు ఒప్పుకోదని తెలుసు. అయినా బియ్యం, రవ్వ, పిండి ఏవీ ఉంచకండి. బియ్యం ఇచ్చెయ్యండి, పిండి పారెయ్యండి. పప్పులు మిగిలితే రెండెండలు పెట్టి, చల్లారాక కిలోకి చెంచాడు ఆముదం పట్టించి స్టీలు డబ్బాలో బిగిస్తే ఆగుతాయి. చింతపండు గింజ తీసి, వరసకి ఉప్పు చల్లుతూ జాడీలో అదిమి పెట్టండి, స్టీలులో కాదు. ఆవకాయ మీద వేలు మందాన నూనె తేలి ఉండాలి. తగ్గితే పప్పునూనె కాచి, పూర్తిగా చల్లారాక పొయ్యాలి. గోరువెచ్చగా పోస్తే మూత కింద ఆవిరి పట్టి అంచు బూజెక్కుతుంది. వాసెన కట్టి చెక్క పీట మీద పెట్టండి. ఫ్రిజ్ ఖాళీ చేసి, తుడిచి, ప్లగ్గు పీకి, తలుపు మూసుకోకుండా మడిచిన గుడ్డ అడ్డం పెట్టండి. మూసేస్తే వచ్చేసరికి లోపల పచ్చగా నాచు పట్టినట్టుంటుంది, ఆ వాసన ఉగాదికి కూడా వదలదు. గ్యాసు రెగ్యులేటరు కట్టేసి వదిలెయ్యకుండా ఊడదీసి, సిలిండరుకి మూత బిగించండి.

నీళ్ళ సంగతి జాగ్రత్తగా విను. మరుగుదొడ్డి, స్నానాలగది, వంటింటి తొట్టి, వీటి కింద గొట్టం వంపులో ఎప్పుడూ కొంచెం నీళ్ళు నిలిచి ఉంటాయి. ఆ నీళ్ళే వాసననీ బొద్దింకలనీ పైకి రానివ్వవు. వాడకపోతే అవి ఆరిపోతాయి. చెంబుడు నీళ్ళు పొయ్యమన్నది అందుకే. వాటిమీద చెంచాడు వంటనూనె వేస్తే ఇంకా మెల్లిగా ఆరతాయి. జాలీల మీద ఇటుక, కమోడు మూత మీద ఏదో బరువు. ఎలక పైకొచ్చేది అక్కడినుంచే.

డాబా మీద ప్లాస్టిక్ ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి వెళ్తానన్నావు. వద్దు. తుపాను గాలికి ఖాళీ ట్యాంకు గొట్టాలతో సహా ఊడి పక్కింటి వాళ్ళ మీద పడుతుంది. 500 లీటర్ల ట్యాంకులో 125 లీటర్లు ఉంచినా 125 కిలోల బరువు. మూత తాడేసి కట్టు, లేపోతే వారం పది రోజుల్లో దోమలు పుట్టేస్తాయి. మోటారు ఆడించేటప్పుడు నీళ్ళు ట్యాంకుకి కాకుండా పెరట్లో పంపువైపు తిప్పి మొక్కలకి పెట్టమను. నెలల తరబడి ఆడని మోటారు తుప్పు పట్టి బిగుసుకుంటుంది, వచ్చి స్విచ్చి వెయ్యగానే కాయిల్ కాలుతుంది.

ఇన్వర్టరు బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు గీత దాకా పోసి, నిండా ఛార్జి చేసి, ఇన్వర్టరు ఆపి, బ్యాటరీ వైర్లు ఊడదియ్యి. ఆన్‌లో వదిలేస్తే నీళ్ళు హరించుకుపోతాయి. అలాగని నాలుగు నెలలూ తీసేసి ఉంచితే తనంతట తనే డీలా పడుతుంది. నెలకోసారి ఎలక్ట్రీషియన్ని పిలిపించి ఒక రోజు ఛార్జి పెట్టించు. పనావిడ చేత చేయించకు. టీవీ, మిక్సీ ప్లగ్గులతోపాటు కేబుల్ వైరు కూడా పీకు, పిడుగు దాంట్లోంచీ వస్తుంది. కరెంటు బిల్లు ఫోన్లో కట్టుకో. మీటరు గేటు లోపల ఉంది కాబట్టి రీడింగు తీసే రోజు ఆవిణ్ణి ఉండమను.

డాబా మీద నీళ్ళు పోయే తూముల్లో కొబ్బరి పూతా ఆకూ ఇరుక్కుంటే ఒక్క వానకి డాబా చెరువవుతుంది, శ్లాబు దిగుతుంది. ఇంటి పక్క కొబ్బరిచెట్లకి వెళ్ళే ముందే కాయ దింపు తీయించి, ఎండు మట్టలు కొట్టించు. పెంకుల మీద కాయ పడితే పగిలేది పెంకొక్కటే కాదు, ఆ కంతలోంచి వాన గదిలోకి కారుతుంది. తర్వాత ఒకటిన్నర నెలకోసారి దింపు. కాయ లెక్క దింపేవాడూ కొనేవాడూ కలిసి చెయ్యకూడదు, మన మనిషి ఒకరు నిలబడాలి. పెరట్లో పెంటకుప్ప ఉంచకు, కొమ్ముపురుగు పుట్టేది దాంట్లోనే. గోడవారన కొబ్బరి డొక్కలూ కట్టెలూ పేర్చి ఉంటే తీయించు. వరద నీళ్ళకి పాములు చేరేది అక్కడికే.

మీ ఇల్లు ఏటిగట్టుకి లోపలివైపే ఉన్నా, ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం వార్తల్లో చూస్తుండు. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండోది ఇచ్చారంటే కింద ఉన్న సామాను మంచాల మీదికి ఎత్తమని ఫోన్ చెయ్యి. వరద తగ్గాక తుపాన్ల రోజులు. 1996 నవంబరు 6 నాటిది కోనసీమలో ఎవరూ మర్చిపోలేదు. కార్తీకం వెళ్ళేదాకా డాబా మీద రేకులు, కుర్చీలు, కుండీలు ఏవీ వదలొద్దు.

నవంబరులో నీ పెన్షను లైఫ్ సర్టిఫికెట్టు ఉంది, మర్చిపోకు. తపాలా శాఖ పెన్షను కేంద్రానిది కాబట్టి నవంబరు 30 లోగా ఇవ్వాలి. దీనికోసం ఊరు రానక్కర్లేదు. బెంగుళూరులోనే ఫోన్లో జీవన్ ప్రమాణ్ యాప్‌తో ముఖం చూపించి ఇవ్వొచ్చు. దానితోపాటు ఆధార్ ఫేస్ ఆర్‌డీ అనే యాప్ కూడా ఉండాలి. ఆధార్ నంబరు, పీపీఓ (పెన్షను చెల్లింపు ఉత్తర్వు) నంబరు, బ్యాంకు ఖాతా నంబరు చేతిలో ఉంచుకో. వెలుతురు ముఖం మీద పడాలి, వెనకనుంచి కాదు. మళ్ళీ ఉద్యోగం చేస్తున్నారా, మళ్ళీ పెళ్ళి చేసుకున్నారా అన్న ప్రశ్నలకి అబ్బాయి తొందరలో తప్పు గడి నొక్కితే తిరక్కొడతారు, పక్కన కూచుని చూసుకో. ప్రమాణ్ ఐడీ రాసుకుని, పెన్షను ఇచ్చేచోట అంగీకరించారో లేదో నాలుగు రోజులాగి చూడు. ఫోన్లో ఐడీ వచ్చినంతమాత్రాన పనయినట్టు కాదు.

పట్టుకెళ్ళేవాటిలో కొబ్బరికాయలు ఉంటే వలిచేటప్పుడు కళ్ళ మీది పీచు జుట్టు ఉంచమను. అది తీసేస్తే కాయ త్వరగా చెడుతుంది. పూతరేకుల పెట్టె చేతిలోనే ఉండాలి. మందులు నెలకి సరిపడా ఎక్కువ తీసుకో, డాక్టరు చీటీ ఫోటో ఫోన్లో పెట్టుకో. శాలువాలు, మేజోళ్ళు మర్చిపోకండి. మనకి ఉక్కపోసే కార్తీకంలో అక్కడ చలి.

అక్కడి ఇంట్లో ఎలా ఉండాలో మీకు చెప్పక్కర్లేదు గానీ, రెండు మాటలు. కోడలి వంటింట్లో మొదటి పది రోజులూ ఒక్క డబ్బా కూడా మార్చొద్దని మా మరదలికి చెప్పు. పాపని ఎన్నింటినుంచి ఎన్నింటిదాకా చూడగలరో మొదటివారమే తేల్చుకోండి. నడుంనొప్పి దాచుకుని ఎత్తుకు తిరిగితే నెల తిరిగేసరికి మీకే చాకిరీ చెయ్యాల్సి వస్తుంది. ఏడాది నిండేదాకా పాపకి తేనె నాకించకండి, మన పెద్దవాళ్ళు నాకించేవారు కానీ అది పసిపిల్లలకి ప్రమాదం. చెవుల్లో ముక్కులో నూనె చుక్కలూ వద్దు. ఈ విషయాల్లో కోడలు వాళ్ళ డాక్టరు చెప్పినట్టే కానివ్వండి.

తిరిగొచ్చేటప్పుడు పగలే ఇల్లు చేరేలా చూసుకోండి. ముందు తలుపులూ కిటికీలూ తీసి అరగంట బయట కూచోండి, స్విచ్చి ఏదీ వెయ్యొద్దు. చుట్టి పెట్టిన చాపలూ పరుపులూ కర్రతో కదిపాకే చేత్తో ముట్టుకోండి. మోటారు వేసి మూలిగి తిరక్కపోతే వెంటనే ఆపి, మెయిను తీసి, వెనక ఫ్యాను రెక్క చేత్తో తిప్పి చూడు. ట్యాంకు కడిగి, మొదటి నీళ్ళు వదిలెయ్యి. గ్యాసు బిగించాక ట్యూబు పొడుగునా సబ్బునీళ్ళు రాసి బుడగలు వస్తున్నాయేమో చూసి అప్పుడు వెలిగించండి. ట్యూబు మీద అచ్చేసిన తేదీకి ఐదేళ్ళు దాటితే కొత్తది మార్పించు.

వెనక్కి టిక్కెట్లు మాత్రం అశ్రద్ధ చెయ్యకు. ఇప్పుడు 60 రోజుల ముందే రిజర్వేషను తెరుస్తున్నారు. జనవరి 10న శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో ఎక్కాలంటే నవంబరు 11 పొద్దున్న ఎనిమిదింటికి అబ్బాయి ఫోను పట్టుకుని సిద్ధంగా ఉండాలి, సంక్రాంతికి తొమ్మిదింటిదాకా మిగలవు. సీనియర్ల కోటా ఎంచుకుంటే మీ ఇద్దరికీ కింది బెర్తులు వచ్చే వీలుంది. రాజమండ్రిలో దిగి రావులపాలెం మీదుగా వచ్చెయ్యండి.

ఇట్లు,
మీ అక్క